ఏడో ప్రశ్నకు జవాబు

సత్యంగారు ఇడ్లీ పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు.

డెబ్భై ఏళ్ళ మనిషి. కొడుకు మీద కోపం వచ్చినా, కోడలి మీద విసుగొచ్చినా, ఆఖరికి భార్య పోయిన ఏడాది కూడా తిండి మీద అలగని మనిషి. అలాంటి ఆయన రెండో ఇడ్లీ తుంచీ తుంచకుండానే పళ్ళెం పక్కకు నెట్టి, చెయ్యి కడుక్కుని, గవర్నర్‌పేట వీధి కనిపించే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కింద వాళ్ళ చీరల దుకాణం షట్టరు ఇంకా తియ్యలేదు.

"నేనన్నదాంట్లో తప్పేముంది నాన్నా?" అన్నాడు జ్ఞానేశ్వర్. "రూలు మంచిదే. వేళ తప్పింది, అంతే."

"అంతే," అన్నారు సత్యంగారు వీధి వైపే చూస్తూ.

ఆ ఒక్క మాటలో ఎంత మంట ఉందో నాగవేణికి తెలుసు. చట్నీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మామగారికి సర్ది చెబితే మొగుడికి కోపం, మొగుణ్ణి వెనకేసుకొస్తే మామగారికి బాధ. పైగా గొడవంతా తను తయారుచేసిన దాని గురించే. ఏ మొహం పెట్టుకుని మాట్లాడుతుంది?

నిన్న నేతగాళ్ళ ఊరు పెడనలో శివపార్వతి అత్తగారు చౌడమ్మ పెద్దకర్మ. శివపార్వతి ముప్ఫై ఏళ్ళుగా ఈ ఒక్క దుకాణానికే నేస్తున్న మనిషి. నాగవేణి పెళ్ళిపీటల మీద కట్టుకున్న చీర ఆవిడ నేసిందే. సత్యంగారు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళారు. మధ్యాహ్నం పంక్తిలో కూర్చుని ఆకులో పప్పు కలుపుకుంటుండగా శివపార్వతి ఫోను మోగింది. వడ్డించే చేతులతో ఫోను తీయలేక కూతురు సుస్మితను చూడమంది. ఎవరో పలకరింపు పంపారనుకుని ఆ పిల్ల పైకే చదివేసింది.

"మీ మగ్గం పది రోజులుగా పని చేయనందున దానిపై ఉన్న పడుగును మరొకరికి కేటాయించడమైనది. తీసి సిద్ధంగా ఉంచగలరు. ధన్యవాదములు."

పంక్తిలో అరవై మంది ఉన్నారు. అరవై మంది చేతులూ ఆగిపోయాయి.

అది చాలదన్నట్టు కాసేపటికి పవన్‌కుమార్ అనే నేతగాడు ఆటో కట్టించుకుని దిగాడు. రెండు నెలలుగా మగ్గం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నవాడు. 'మీకు పడుగు వచ్చింది, ఫలానా ఇంటికి వెళ్ళి తీసుకోండి' అని ఫోనులో కబురు చూడగానే సంబరంగా పరిగెత్తుకొచ్చాడు. పొరుగూరివాడు, చావు సంగతి తెలియదు. షామియానా చూసి వీధిలోనే కొయ్యబారిపోయాడు.

ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు మగ్గం గుంటలో కాలు పెట్టరు. ఆ మైల సంగతి పెడనలో ఏ చిన్నపిల్లను లేపి అడిగినా చెబుతుంది. ఇంకో సంగతి కూడా చెబుతుంది. నాలుగు చీరలకు సరిపడా నిలువు పోగులు బిగించిన పడుగును నేసేవాళ్ళ మగ్గం మీంచి తీయించడమంటే, 'ఇక నీతో మాకు పనిలేదు' అని పదిమందిలో చెప్పడమే. సత్యంగారు తన జన్మలో ఎవరికీ ఆ పని చేయించలేదు.

శివపార్వతి పల్లెత్తు మాట అనలేదట. సత్యంగారి ఆకులో పెరుగు వడ్డించి లోపలికి వెళ్ళిపోయిందట. ఆ అనకపోవడమే ఆయన్ని రాత్రంతా తినేసింది.

"తిడితే పడేవాణ్ణి," అన్నారు ఆయన ఇప్పుడు. "పెరుగు వేసింది. ఆ మనిషి ఇక మనకు నేస్తుందని నాకు నమ్మకం లేదు."

జ్ఞానేశ్వర్ బాధా అర్థం కానిది కాదు. పోయినేడు తొమ్మిది మంది నేతగాళ్ళు చెప్పాపెట్టకుండా ఆటోనగర్ షెడ్లలో పనికి వెళ్ళిపోయారు. వాళ్ళ మగ్గాల మీద పడుగులు ఆరేసి నెలలు బూజు పట్టాయి. ఇంకోపక్క పని లేక కూర్చున్నవాళ్ళు పడుగు ఇప్పించండని దుకాణం చుట్టూ తిరిగారు. అందుకే ఆ రూలు. నేసేవాళ్ళు రోజూ సాయంత్రం నేసినంత మేర ఫోటో పంపాలి, పది రోజులు ఫోటో రాకపోతే పడుగు వరసలో తర్వాతివాళ్ళకు పోతుంది. 'మా మగ్గం' అని నాగవేణి తయారుచేసిన యాప్‌లో అదొక భాగం. మిగతా భాగాలన్నీ ఏడాదిగా ముచ్చటగా నడుస్తున్నాయి. ఇదొక్కటి పోయిన నెలలో చేరింది, చేరిన నెలకే ఇంటి మర్యాద కాస్తా తీసింది.

"అయినా తప్పు నాగవేణిది కాదుగా," అన్నాడు జ్ఞానేశ్వర్. "ఆ ఏఐ రాసింది."

"నేనూ అదే చెప్పొచ్చాను," అన్నారు సత్యంగారు. "మా కోడలికేం తెలీదు, దాంట్లో కూర్చున్న గుమాస్తా చేశాడని అరవైమందికీ చెప్పాను."

నాగవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత అవమానంలోనూ ఆ పెద్దాయన తన పేరు పైకి రానివ్వలేదు. ఈ మాట నిన్న రాత్రి చెప్పలేదు, ఇప్పుడూ గొప్పగా చెప్పలేదు. ఆ క్షణంలో ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేకపోయింది, ఎందుకంటే ఆయన లేచి బీరువా తీశారు.

యాప్‌లో కొత్త భాగం చేరినప్పుడల్లా నాగవేణి దాని పత్రాన్ని మామగారికోసం పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి ఇచ్చేది. ఏం కట్టాలనుకున్నాం, ఏ ప్రశ్నలొచ్చాయి, ఎవరేం జవాబు చెప్పారు, ఎందుకలా నిర్ణయించాం, అన్నీ అందులో ఉంటాయి. అలా రాసిపెట్టుకోమని మొదట్లోనే ఏఐ చెప్పింది, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు కాబట్టి. సత్యంగారు వాటిని ఒక్కటీ చదివింది లేదు. అయినా నూలుదారంతో కట్టి, భార్య పట్టుచీరల పక్కన భద్రంగా పెట్టారు.

ఆ కట్ట విప్పి పైకాగితం కోడలి చేతికిచ్చారు. "ఇందులో అది ఎక్కడ తప్పు చేసిందో చదువమ్మా. ఆ కాగితం పట్టుకెళ్ళి శివపార్వతికి చూపిస్తాను. ఆ తర్వాత ఆ యంత్రం మనింట్లో ఉండకూడదు."

నాగవేణి చదవడం మొదలుపెట్టింది. మొదటి ప్రశ్న, రెండోది, మూడోది. గొంతు బాగానే ఉంది. ఆరు దాటి ఏడుకి వచ్చేసరికి ఆగిపోయింది.

అసలు నిన్న సాయంత్రం మామగారు రాగానే ఆ రూలు పని చేయకుండా ఆపేసింది. కానీ ఈ పత్రం మాత్రం తెరవలేదు. తెరవాలంటే ఎందుకో భయమేసింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఈ ఒక్క ప్రశ్న దాటేసి ఎనిమిదికి పోతే ఈ ఇంట్లో పట్టుకునేవాళ్ళు లేరు. ఆ ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. ఒక ఊపిరి తీసినంతసేపు నిలిచింది కూడా. చదివింది.

"ఏడు. పది రోజులు మగ్గం ఆగినా, ఆ మగ్గాన్ని వదిలేశారని అనుకోకూడని సందర్భాలు ఉంటాయా? పండుగలు, పురుడు, ఇంట్లో చావు, వానలు లాంటివి? పడుగు వెనక్కి తీసుకోవడం నేసేవారికి ఎలా అనిపిస్తుంది? ఇది కట్టేముందు కనీసం ఒక నేత మనిషిని అడగమని నా సలహా."

సత్యంగారు కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"జవాబు, నాగవేణి," అని చదివింది. "అవన్నీ అందరికీ తెలిసినవే. పది రోజులు చాలు. ముందుకెళ్ళు."

"దాని కింద ఇంకేదో ఉందే," అన్నాడు జ్ఞానేశ్వర్, భుజం మీంచి చూస్తూ. అతని గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"ఉంది," అని అదీ చదివింది. "సరే, కడుతున్నాను. అయితే అందరికీ తెలిసినవి నాకు తెలియవు, కాబట్టి ప్రోగ్రాముకూ తెలియవు. దీన్ని తేలని ప్రశ్నగా ఇక్కడ రాసి ఉంచుతున్నాను."

కింద వీధిలో ఎవరో షట్టరు పైకెత్తుతున్న చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నం నాగవేణికి బాగా గుర్తుంది. పాప చిన్ని స్కూలు వ్యాను వచ్చే వేళ. ప్రశ్న పొడుగ్గా ఉంది. చావు, పురుడు, మైల, ఇవి కూడా రాయాలా, మనవాళ్ళలో తెలియనిదెవరికి అనుకుంది. మగ్గాల ఇంట్లో పుట్టి చీరల దుకాణం ఇంట్లో మెట్టింది, ఆ మాట ఎవరికైనా వివరించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. చౌడమ్మ పోయిందని తెలిసిన రోజున కూడా, అయ్యో పాపం అని కళ్ళు తుడుచుకుందే తప్ప, తను రాయించిన రూలు ఒకటి పెడన వైపు రోజులు లెక్కపెట్టుకుంటోందని తట్టలేదు. అదే చెప్పింది మామగారితో, ఏమీ దాచకుండా.

సత్యంగారు ఆ కాగితాన్ని వేలితో చూపించారు. "అది అడిగింది. మనం ఒక్కళ్ళం అడిగామా? నేను అడిగానా, వీడు అడిగాడా?"

"నన్నెందుకు లాగుతారు?" అన్నాడు జ్ఞానేశ్వర్, కానీ నీళ్ళు నమిలినట్టు అన్నాడు.

"నిన్న నేను అరవైమందిలో అబద్ధం చెప్పొచ్చానన్నమాట," అన్నారు ఆయన, కాగితాలకు మళ్ళీ దారం చుడుతూ.

"నేను వెళ్ళి నిజం చెప్పొస్తాను మావయ్య గారూ."

జ్ఞానేశ్వర్ వద్దన్నాడు. రెండు రోజులు ఆగితే వేడి చల్లారుతుందని, ఆడమనిషి ఒక్కతీ వెళ్ళి మాట పడటం దేనికని, కావాలంటే ఫోను చేయమని చెప్పుకొచ్చాడు. చెప్పినవన్నీ విని నాగవేణి లాప్‌టాప్ సంచీలో పెట్టుకుంది. సత్యంగారు మాత్రం, "చదవకుండా దాటేయగలిగేదానివే," అన్నారు. ఆ మాట చెవిలో పెట్టుకునే ఆమె మెట్లు దిగింది.

*

బందరు బస్సు బెంజ్ సర్కిల్ దాటడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఆ సర్కిల్ పక్కన అద్దాల మేడలో నాలుగో అంతస్తులో నాగవేణి ఒకప్పుడు ఉద్యోగం చేసింది. చిన్ని పుట్టాక మానేసింది. ఐదేళ్ళు ఒక్క వరస ప్రోగ్రాము రాయలేదు. మళ్ళీ మొదలుపెట్టాలనుకున్నప్పటికి అంతా మారిపోయింది, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు ఈ ఏఐతో కూర్చుంది. తనకేం కావాలో మామూలు తెలుగులో చెప్పేది. అది వెంటనే రాయడానికి ఎగబడేది కాదు. ముందు ప్రశ్నలు అడిగేది, తర్వాత పథకం రాసి చూపించేది, ఆమె సరేనన్నాక చిన్న చిన్న ముక్కలుగా కట్టేది, కట్టిన ప్రతిదాన్నీ ఇద్దరూ కలిసి పరీక్షించేవాళ్ళు. వంట మధ్యలో లేచి వెళ్ళినా, మూడు రోజులు మరిచిపోయినా, వచ్చి పత్రం తెరిస్తే ఎక్కడ ఆగామో అందులో ఉండేది. నీకు రాదు అని ఒక్కసారి కూడా అనిపించనివ్వలేదు. అలాంటిదాని మీదకు నిన్న రాత్రంతా తప్పు నెట్టి పడుకుంది. తలుచుకుంటే సిగ్గేసింది.

కంకిపాడు దాటాక ఫోనులో దానికి జరిగిందంతా రాసింది. ఏం జవాబు వస్తుందోనని, మనిషి ముందు నిలబడ్డట్టే ఎదురుచూసింది.

"ఆ ఇంటివారికి ఎంత బాధ కలిగి ఉంటుందో అర్థమవుతోంది," అని వచ్చింది. "ప్రశ్న అడిగాను గానీ, జవాబు తేలకుండానే పడుగును దానంతటదే మార్చేలా నేను కట్టకుండా ఉండాల్సింది. కనీసం ఒక మనిషి సరేనన్నాకే కదిలేలా పెడదామని గట్టిగా చెప్పాల్సింది. అందులో నా పొరపాటూ ఉంది. ఇప్పుడు కొత్తగా ఏమీ కట్టొద్దు. ముందు ఆవిడ మాట వినండి."

ఎత్తిపొడుపు లేదు, 'నేను ముందే చెప్పాను' అన్న మాట లేదు. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చింది. పక్క సీటు ఆవిడ బత్తాయి తొన చేతిలో పెట్టింది.

*

శివపార్వతి ఇంటి ముందు షామియానా విప్పేశారు, కర్రల గుంటలు అలాగే ఉన్నాయి. మైల తీరింది, ఈ రోజు నుంచి నేయొచ్చు. ఇరుగుపొరుగు మగ్గాలన్నీ టకటకలాడుతున్నాయి. ఈ ఇంటి మగ్గం మీద మాత్రం పాత దుప్పటి కప్పి ఉంది. దాని పక్కనే శివపార్వతి గోడకు చేరబడి కూర్చుంది. యాభై ఐదేళ్ళ మనిషి, పదకొండు రోజుల్లో పదేళ్ళు పైబడింది.

నాగవేణి కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే మొదలుపెట్టింది. నిన్న మావయ్యగారు చెప్పింది నిజం కాదని, ఆయన తనను కాయడానికి అలా అన్నారని, యంత్రం ముందే అడిగిందని, నేసేవాళ్ళను కనుక్కోమని కూడా చెప్పిందని, తనే అక్కర్లేదని తేల్చేసిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"తప్పు నాది అత్తా. మీరు ఏమన్నా పడతాను."

శివపార్వతి దుప్పటి అంచు సవరించింది. మళ్ళీ సవరించింది. పక్కింటి మగ్గం ఆగింది, ఎవరో నూలు కండె మార్చుకున్నాక మళ్ళీ టకటక అందుకుంది.

"నిన్న నీమీద కోపం రాలేదే అమ్మాయ్," అంది చివరికి. "యంత్రమని మీ మావయ్య అన్నాక అసలు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. అదే ఎక్కువ బాధేసింది. కోపం తెచ్చుకోడానికి కూడా మనిషి లేకుండా పోయాడే అని."

నాగవేణి నేలమీదే కూర్చుంది.

"ఇవాళ నువ్వొచ్చావ్. ఇక తెచ్చుకుంటాలే," అని శివపార్వతి లోపలికి కేకేసి సుస్మిత చేత మంచినీళ్ళు తెప్పించింది.

నీళ్ళు తాగుతుంటే గోడ మీద చూడమంది. చౌడమ్మ ఫోటో పక్కన, మేకుకు, చీరకు కట్టే చిన్న అట్టముక్క వేలాడుతోంది. యాప్ మొదటి భాగం కట్టేటప్పుడు, చీర వెనక నేసిన మనిషి కాక ఇంకెవరెవరి చెయ్యి ఉంటుందని ఏఐ అడిగింది. అందువల్ల ఆ అట్ట మీద నేసినవారి పేరు కింద 'కండెలు చుట్టినవారు' అని ఇంకో పేరు చేరింది. ఎనభై రెండేళ్ళ చౌడమ్మ తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. వచ్చినవాళ్ళందరికీ చూపించిందట.

"దానికి నీకు రుణపడి ఉన్నాను. అదీ నిజమే, ఇదీ నిజమే," అంది శివపార్వతి. "ఏదీ, అదేం అడిగిందో చదువు."

నాగవేణి ఏడో ప్రశ్న చదివింది. శివపార్వతి మళ్ళీ చదవమంది. రెండోసారి విన్నాక చిన్నగా తల ఊపింది.

"ముప్ఫై ఏళ్ళయింది మీకు నేయబట్టి. ఈ మాట మీ ఇంటి మగాళ్ళెవరూ నన్ను అడగలా. ఇప్పుడు చెప్తన్నా, రాసుకో."

అలా ఆ మధ్యాహ్నం, కప్పిన మగ్గం పక్కన చాప మీద, ఆ భాగం మళ్ళీ మొదటినుంచి మొదలైంది. శివపార్వతి చెప్పడం, నాగవేణి టైపు కొట్టడం, అవతల నుంచి ప్రశ్న రావడం. అమావాస్యకు నేయరు. పురిటికి నేయరు. ముసురు పట్టి మగ్గం గుంటలోకి నీళ్ళొస్తే ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మోచేయి పట్టేసిందని ఆడవాళ్ళు బయటకు చెప్పుకోరు, జ్వరమని చెబుతారు.

చావు దగ్గర ఏఐ ఆగింది. "దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళను ఫోను తీసి కారణం నొక్కమనడం బాగుండదు. వాళ్ళ తరఫున ఎవరు చెప్పగలరు?" అని అడిగింది.

"పక్క మగ్గం వాళ్ళు," అంది శివపార్వతి తడుముకోకుండా. "మా మగ్గం ఆగితే ముందు వాళ్ళకే తెలుస్తుంది, చప్పుడు ఉండదుగా."

అద్దాల మేడలో కూర్చుని నేర్చుకున్న చదువులో ఇంత మంచి జవాబు నాగవేణి వినలేదు. అలాగే కొట్టింది. 'జవాబు చెప్పినవారు' అన్నచోట 'శివపార్వతి, నేత' అని రాసింది. శివపార్వతి వంగి తన పేరు చూసుకుని, కళ్ళజోడు తుడుచుకుంది.

తర్వాతి ప్రశ్న వచ్చింది. పడుగు వెనక్కి తీసుకోవాలంటే ఎవరి మాట కావాలి?

నూలు దుకాణానిది, పడుగు దుకాణానిది. తరతరాలుగా ఆ మాట దుకాణానిదే. నాగవేణి వేళ్ళు ఆగాయి.

"నేసేవాళ్ళ మాట," అంది శివపార్వతి. "మగ్గం ఎక్కిన పడుగుని నేసేవాళ్ళు ఇస్తేనే తీయాలి. మీ మావయ్యని అడగాలంటే అడుగు, నేనాగుతా."

నాగవేణి ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దున్న ఏడో ప్రశ్న దాటేయకుండా చదివినట్టే ఇదీ రాసేసింది. శివపార్వతి రాయడం పూర్తయ్యేదాకా చూసి, లేచి, మగ్గం మీద దుప్పటి తీసింది. రెండో చీర సగంలో ఉంది. ఎర్రంచు మీద సన్నటి దుమ్ము.

"అయితే మొదటి మాట నాదే. ఈ చీర ఎల్లుండికి పూర్తి చేసి కోస్తాను. మిగతా రెండు చీరల పడుగూ పవన్‌కుమార్‌కి ఇచ్చెయ్. ఆ మనిషి సంబరంగా వచ్చి, మా ఇంట్లో మెతుకు ముట్టకుండా తలకాయ దించుకుని పోయాడు. రెండు నెలల నుంచి పని లేదంట. నాలో నేనే అనుకున్నా, అడిగుంటే ఇచ్చేదాన్నే కదా అని."

"మరి మీ మగ్గం అత్తా?"

శివపార్వతి ఎర్రంచు మీద దుమ్ము దులపసాగింది. నాగవేణికి అనుమానం వచ్చింది. పడుగు దయతో ఇచ్చేస్తోందా, ఈ వంకతో దుకాణానికి దణ్ణం పెట్టేస్తోందా? చూస్తుంటే తెర మీద అదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. నేత మనిషి తానుగా పడుగు ఇచ్చేస్తే, కొత్త పడుగు ఎన్నాళ్ళలో, ఎవరు ఇవ్వాలి?

"ఇది నన్నడక్కు," అంది శివపార్వతి. "మీ ఇంటికి ఫోను చెయ్."

*

ఫోను జ్ఞానేశ్వర్ ఎత్తాడు. దుకాణంలో ఉన్నానన్నాడు, నాన్న కూడా పక్కనే ఉన్నారన్నాడు. అందరికీ వినపడేలా పెట్టమని నాగవేణి చెప్పింది. పడుగు తీయాలంటే ఇక నేసేవాళ్ళ మాటే కావాలని రాసినట్టు ముందుగా చెప్పేసింది. జ్ఞానేశ్వర్ ఏదో అనబోయాడు. సత్యంగారి గొంతు అడ్డొచ్చింది.

"రాసిందాన్ని చెరపకు. ఇంకా ఏమడుగుతోంది?"

చదివింది. సత్యంగారు ఎక్కువసేపు తీసుకోలేదు. "మూడు రోజుల్లో. యజమాని స్వయంగా తీసుకొచ్చి ఇవ్వాలి. మా నాన్న అలాగే ఇచ్చేవాడు. మధ్యలో మేమే మానేశాం."

నాగవేణి ఆ మాటలు అలాగే కొట్టింది. వెంటనే ఇంకో వరస వచ్చింది, అదే ఊపులో పైకి చదివేసింది. "ఈ పత్రాల్లో యజమాని అన్నచోట సత్యం, జ్ఞానేశ్వర్ అని రెండు పేర్లున్నాయి. ఈ మాట నిలబెట్టాల్సింది ఎవరు?"

చదివాక గానీ ఏం చదివిందో ఆమెకు తెలియలేదు. దుకాణం ఎవరిదని మూడేళ్ళుగా తండ్రీకొడుకుల మధ్య నలుగుతూ, ఒక్కరోజు కూడా ఒకరి మొహం మీద ఒకరు అనుకోని మాట అది.

"నా పేరు తీసెయ్యమ్మా," అన్నారు సత్యంగారు. "వాడిది ఉంచు."

మూడేళ్ళుగా ఆ మాటకోసమే లోలోపల కాచుకున్న జ్ఞానేశ్వర్, "నాన్నా..." అన్నాడు.

శివపార్వతి చాప మీంచి ముందుకు జరిగి ఫోను చేతిలోకి తీసుకుంది. "జ్ఞానేశ్వరూ, నేను పార్వతత్తను. కొత్త పడుగు తెస్తే సరిపోదు. మగ్గం మీద మిగిలిన పాత పోగులకి ఒక్కో పోగూ చేత్తో అతకాలి. రెండు వేల పై చిలుకు పోగులు. నీకొచ్చా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"రాదు అత్తా," అన్నాడు జ్ఞానేశ్వర్. అంత చిన్న గొంతుతో మొగుడు మాట్లాడటం నాగవేణి ఎప్పుడూ వినలేదు.

"రాకపోతే తప్పేం లేదు. మా అత్త నాకు నేర్పింది, నేను నీకు చూపిస్తా. పడుగు పట్టుకుని ఎల్లుండి రా. వచ్చి నా పక్కన కూర్చుని ఆఖరి పోగు దాకా అతుకు. ఆ తర్వాత చెప్తా, మీకు నేస్తానో మానతానో."

సత్యంగారు కొడుక్కి మాట అందివ్వలేదు. నాగవేణి తెర వైపు చూడలేదు, శివపార్వతి వైపు చూడలేదు, ఫోను వైపే చూసింది.

"ఎన్నింటికి రమ్మంటావ్ అత్తా?" అన్నాడు జ్ఞానేశ్వర్.